కార్డును పరికరం చదవలేకపోవడం వేరు, కార్డు పాడవడం వేరు: స్టీమ్ డెక్, స్విచ్, రెట్రో పరికరాల్లో ఫైల్ సిస్టమ్‌లు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. మీ దగ్గర స్టీమ్ డెక్, నింటెండో స్విచ్ ఓఎల్‌ఈడీ అనే చేతి గేమింగ్ పరికరాలు, పాత ఆటల కోసం కొన్న ఒక చిన్న రెట్రో పరికరం ఉన్నాయి. డెక్‌లో వాడుతున్న 256 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డును, డెక్‌కు సిస్టమ్ అప్‌డేట్ చేసిన మరునాడు తీసి విండోస్ ల్యాప్‌టాప్‌లో పెడితే, వాడాలంటే ఫార్మాట్ చేయాలన్న సందేశం వచ్చింది. స్విచ్‌లో పెడితే అదీ చదవలేదు. అప్‌డేట్ వల్లే కార్డు పాడైందా, దాన్ని ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లోకి (కార్డు మీద ఫైళ్ళను అమర్చే పద్ధతి) మారిస్తే మూడింటిలోనూ వాడుకోవచ్చా, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే పరికరం పనికిరాకుండా పోతుందా అన్నవి మీ మూడు సందేహాలు.

సూటి సమాధానం ఇది: మీరు రాసిన లక్షణాల్లో కార్డు పాడైందనడానికి ఆధారం ఏదీ లేదు. విండోస్‌లో కానీ స్విచ్‌లో కానీ ఫార్మాట్ అన్న బటన్‌ను నొక్కకండి. కార్డును తిరిగి డెక్‌లో పెట్టి చూడండి, మీ ఆటలు అక్కడ కనిపించే అవకాశమే ఎక్కువ. రెండో సందేహానికి సమాధానం, ఒకే కార్డును మూడు పరికరాల మధ్య తిప్పవద్దు, ఒక్కోదానికి ఒక్కో కార్డు పెట్టుకోండి. మూడోదానికి సమాధానం, వీటన్నింటిలో బ్యాటరీ ఉంటుంది కనుక గోడ కరెంటు పోవడం ఒక్కటే వాటిని చంపదు. అసలు ప్రమాదం ఎక్కడుందో కింద వివరిస్తాను.

నేను చాలాకాలంగా ఈ పరికరాల మరమ్మతు, కార్డుల నుంచి సమాచారం తిరిగి తీసే పని చేస్తున్నాను. నా దగ్గరకు "కార్డు పోయింది" అంటూ వచ్చేవాటిలో గణనీయమైన భాగం నిజానికి పోయినవి కావు. అవి ఆ కార్డు భాష తెలియని యంత్రంలో పెట్టినవి, లేదా ఆ యంత్రం చెప్పిన మాట విని ఫార్మాట్ చేసినవి. మొదటి రకంలో పోయేదేమీ ఉండదు. రెండో రకంలో కొన్నిసార్లు ఎవరూ ఏమీ చేయలేరు.

డెక్ తన మెనూలోంచి కార్డును ఫార్మాట్ చేసినప్పుడు దానిపై తాను నడిచే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెందిన ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌ను రాస్తుంది. విండోస్‌కు అది సహజంగా అర్థం కాదు. అర్థం కాని విభజన (కార్డులో ఒక భాగం) కనిపించినప్పుడు విండోస్ "నాకు తెలియదు" అని ఊరుకోకుండా, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. స్విచ్ పరిస్థితీ అంతే, అది చదివేది ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లను మాత్రమే. కాబట్టి డెక్‌లో వాడుతున్న కార్డును ఆ రెండింటిలో ఏదీ చదవకపోవడం కార్డు ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా జరిగేదే. మీరు అప్‌డేట్ చేసిన మరునాడే మొదటిసారి కార్డును బయటకు తీశారు గనుక నింద అప్‌డేట్ మీద పడింది. అంతకు ముందు వారం తీసినా ఇదే సందేశం వచ్చేది.

డెక్ ఈఎక్స్‌టీ4నే ఎందుకు ఎంచుకుందన్నది తెలిస్తే, దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌తో మార్చే ఆలోచన ఎందుకు కుదరదో కూడా తెలుస్తుంది. డెక్‌లో నడిచే ఆటల్లో ఎక్కువ భాగం విండోస్ కోసం తయారైనవి. ప్రోటాన్ అనే పొర వాటిని లినక్స్ మీద నడిపిస్తుంది. ఆ పొర సింబాలిక్ లింకులను (ఒక ఫైలు నుంచి మరో ఫైలు వైపు చూపే దారి గుర్తులు) విరివిగా వాడుతుంది, ఫైళ్ళకు లినక్స్ తరహా అనుమతులు ఉండాలని ఆశిస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఈ రెండూ లేవు. పైగా విండోస్ ఆటలకు ఫైలు పేరులోని పెద్ద, చిన్న అక్షరాల మధ్య తేడా పట్టదు, లినక్స్‌కు పడుతుంది. ఆ తేడాను ఫైల్ సిస్టమ్ స్థాయిలోనే పట్టించుకోకుండా చేసే సదుపాయం 2019లో లినక్స్ మూల భాగమైన కెర్నల్ 5.2తో ఈఎక్స్‌టీ4లోకి వచ్చింది. వీటికి తోడు ఈఎక్స్‌టీ4కు జర్నల్ ఉంటుంది: చేయబోయే మార్పును ముందుగా ఒక చోట నమోదు చేసి, ఆ తర్వాతే అసలు చోట రాస్తుంది కనుక, మధ్యలో పరికరం ఆగిపోయినా తిరిగి వెలిగినప్పుడు ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్ని సరిచేసుకోగలుగుతుంది. చివరి క్షణంలో రాస్తున్న ఫైలు మిగులుతుందన్న హామీ జర్నల్ ఇవ్వదు, మొత్తం కార్డు చిందరవందర కాకుండా మాత్రం కాపాడుతుంది.

ఎక్స్‌ఫ్యాట్ కార్డును డెక్ అసలు గుర్తించదని నేను అనడం లేదు. డెస్క్‌టాప్ మోడ్‌లో (డెక్‌ను మామూలు కంప్యూటర్‌లా వాడే పద్ధతి) ఫైళ్ళను ఇటూ అటూ మోయడానికి అది పనికొస్తుంది. స్టీమ్ ఆటలను ఇన్‌స్టాల్ చేసుకునే చోటుగా మాత్రం దానిని నమ్ముకోవద్దు.

ఇక స్విచ్ విషయం. దీనిలో పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌కూ ఫైల్ సిస్టమ్‌కూ ఉన్న సంబంధం చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఎస్‌డీ ప్రమాణం ప్రకారం 2 జీబీకి మించి 32 జీబీ వరకు ఉన్న కార్డులు ఫ్యాట్32తో, అంతకు మించి 2 టీబీ వరకు ఉన్నవి ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి. ఎక్స్‌ఫ్యాట్ 2006లో మైక్రోసాఫ్ట్ తెచ్చింది. అప్పట్లో దాన్ని వాడాలనుకున్న పరికర తయారీదారు లైసెన్సు తీసుకోవలసి వచ్చేది. 2017లో విడుదలైన స్విచ్ పెట్టెలోంచి తీసినప్పుడు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవదు. పెద్ద కార్డు పెట్టగానే, దీన్ని వాడాలంటే సిస్టమ్ అప్‌డేట్ కావాలని అడిగి, ఇంటర్నెట్ నుంచి ఆ భాగాన్ని దించుకుంటుంది. ఇంటర్నెట్‌కు కలపకుండా పిల్లలకు ఇచ్చిన స్విచ్‌లో కొత్త 128 జీబీ కార్డు పనిచేయడం లేదని నా దగ్గరకు తెచ్చినవారు ఉన్నారు. వైఫైకి కలిపి అప్‌డేట్ చేయడంతోనే సమస్య తీరింది. వారు అప్పటికే దుకాణంలో రెండుసార్లు కార్డు మార్పించుకున్నారు.

స్విచ్‌కు ఫ్యాట్32 మంచిదా, ఎక్స్‌ఫ్యాట్ మంచిదా అన్న వాదన ఇంటర్నెట్‌లో తెగదు. ఎక్స్‌ఫ్యాట్ త్వరగా చెడిపోతుందన్న మాట ప్రధానంగా సిస్టమ్‌ను మార్చుకుని అనధికారిక ప్రోగ్రాములు నడిపేవారి అనుభవం నుంచి పుట్టింది. మార్చని స్విచ్ వాడేవారు కన్సోల్ తన సెట్టింగ్‌లలోంచి ఎలా ఫార్మాట్ చేస్తే అలాగే వదిలేయడం మేలని నా అభిప్రాయం. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీకి మించకూడదు కదా, పెద్ద ఆటలు ఎలా పడతాయని మీకు అనుమానం రావచ్చు. స్విచ్ అలాంటి ఆటను ముక్కలుగా కోసి ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌కు ఒక ప్రత్యేక గుర్తు తగిలించి, దాన్ని ఒకే ఫైలుగా చూస్తుంది. అందుకే పాత కార్డు నుంచి కొత్త కార్డుకు కంప్యూటర్ ద్వారా కాపీ చేసినప్పుడు, ఆ గుర్తును పోగొట్టే ప్రోగ్రాము వాడితే, ఫైళ్ళన్నీ కళ్ళముందే ఉన్నా ఆట మాత్రం తెరుచుకోదు. అలాంటప్పుడు గుర్తులు సరిచేస్తూ కూర్చోవడం కంటే ఆటను మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవడమే తక్కువ శ్రమ.

దానికంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. స్విచ్‌లో ఆటల సేవ్‌లు కార్డులో ఉండవు, కన్సోల్ లోపలి మెమరీలో ఉంటాయి. కార్డులో ఉండేవి డౌన్‌లోడ్ చేసిన ఆటలు, వాటి అప్‌డేట్లు, స్క్రీన్‌షాట్లు, వీడియోలు. ఆటల సమాచారం ఆ ఒక్క కన్సోల్‌కే చెందేలా సంకేతబద్ధమై ఉంటుంది కనుక మీ కార్డును స్నేహితుడి స్విచ్‌లో పెడితే ఆటలు రావు. ఇదే కారణంగా, చెడిపోయిన స్విచ్ కార్డు నుంచి ఆటలను తిరిగి తీసిపెట్టమని అడిగేవారికి నేను వద్దనే చెబుతాను. పోయినవి మళ్ళీ దించుకోగలిగినవే, వాటికి డబ్బు ఖర్చుపెట్టడం దండగ. కార్డు చెడితే ఆందోళన అక్కర్లేదు, కన్సోల్ చెడితేనే నష్టం. ఆ నష్టానికి మందు నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందాతో వచ్చే క్లౌడ్ సేవ్, అది కూడా అన్ని ఆటలకూ ఉండదు.

మీరు స్విచ్ 2 కొనే ఆలోచనలో ఉంటే ఇప్పుడే పెద్ద కార్డు కొని పెట్టుకోకండి. 2025 జూన్‌లో వచ్చిన ఆ కన్సోల్ మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డుల మీదే ఆటలు నడుపుతుంది. మామూలు కార్డు పెడితే పాత స్క్రీన్‌షాట్లు, వీడియోలు తెచ్చుకోవడానికి తప్ప ఉపయోగపడదు.

రెట్రో పరికరాల సంగతి ఈ రెండింటికీ పూర్తిగా భిన్నం, నేను ఎక్కువ నష్టాలు చూసేది కూడా ఇక్కడే. వీటిలో చాలావాటికి కార్డే ప్రాణం: ఆపరేటింగ్ సిస్టమ్, ఆటలు, సేవ్‌లు అన్నీ ఒకే కార్డు మీద ఉంటాయి. అంటే ఈ పరికరాల్లో ఫర్మ్‌వేర్ మార్చడమంటే చాలాసార్లు కార్డును తిరిగి రాయడమే. మియూ మినీ ప్లస్ అనే పరికరంలో వాడే ఆనియన్ వంటి ఫర్మ్‌వేర్లకు ఫ్యాట్32 కార్డు మీద ఫైళ్ళను కాపీ చేస్తే సరిపోతుంది. మరికొన్నింటికి పూర్తి ఇమేజ్‌ను (కార్డు మొత్తానికి అచ్చు నకలును) కార్డుకు రాయాలి. అలా రాసిన కార్డులో నాలుగైదు విభజనలు ఏర్పడవచ్చు, వాటిలో కొన్ని ఈఎక్స్‌టీ4. ఆ కార్డును విండోస్‌లో పెట్టగానే, చదవలేని ప్రతి విభజనకూ విడివిడిగా "ఫార్మాట్ చేయమంటారా" అన్న కిటికీ తెరుచుకుంటుంది. కొత్తగా కొన్నవారు వరుసగా అన్నింటికీ సరేనంటారు. అప్పటికి సిస్టమ్ విభజన పోతుంది, కొన్నిసార్లు సేవ్‌లున్న విభజన కూడా పోతుంది. అలాంటి కిటికీలన్నింటినీ రద్దు చేయండి. కార్డులో మీకు కావలసిన విభజన పక్కనే మరో అక్షరంతో డ్రైవ్‌గా కనిపిస్తూ ఉంటుంది.

రెట్రో పరికరంలో ఆట లోపలి సేవ్‌కూ, ఎమ్యులేటర్ (పాత ఆటలను నడిపే ప్రోగ్రాము) తీసే సేవ్ స్టేట్‌కూ ఉన్న తేడాను అప్‌డేట్‌కు ముందు తప్పక గుర్తుంచుకోవాలి. ఆట లోపలి సేవ్ అసలు క్యాట్రిడ్జ్‌లో ఉండే జ్ఞాపకానికి నకలు, ఎమ్యులేటర్ వెర్షన్ మారినా మామూలుగా పనిచేస్తుంది. సేవ్ స్టేట్ అన్నది ఆ క్షణంలో ఎమ్యులేటర్ జ్ఞాపకం మొత్తానికి తీసిన ముద్ర, అందుచేత కొత్త ఫర్మ్‌వేర్‌లో ఎమ్యులేటర్ వెర్షన్ మారితే అది తెరుచుకోకపోవచ్చు. ఫైలు చెక్కుచెదరకుండా ఉన్నా ప్రయోజనం ఉండదు. అప్‌డేట్ చేయబోయే ముందు ప్రతి ఆటనూ తెరిచి, సేవ్ స్టేట్ నుంచి ముందుకెళ్ళి, ఆట లోపల ఉన్న సేవ్ పద్ధతిలో ఒకసారి సేవ్ చేసుకోండి. ఆ తర్వాత సేవ్‌ల ఫోల్డర్‌ను కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. నెలల తరబడి ఆడిన ఒక ఆటను కేవలం సేవ్ స్టేట్ల మీదే నడిపించిన ఒక అబ్బాయి ఫర్మ్‌వేర్ మార్చాక నా దగ్గరకు వచ్చాడు. పాత కార్డును అతను చెరపకుండా పక్కన పెట్టాడు గనుక దానితోనే పరికరాన్ని వెలిగించి, స్టేట్ తెరిచి, ఆట లోపల సేవ్ చేసి, ఆ ఫైలును కొత్త కార్డుకు మార్చగలిగాం. అందుకే కొత్త ఫర్మ్‌వేర్‌ను ఎప్పుడూ కొత్త కార్డు మీదే రాయమని, పాతది కనీసం కొన్ని వారాలు ముట్టుకోవద్దని చెబుతాను. పరికరంతో పాటు పెట్టెలో ఇచ్చే కార్డులు నాణ్యత లేనివి కావడం సర్వసాధారణం కనుక, ఎలాగూ మీకు మంచి కార్డు అవసరమే.

ఇక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ సమయంలో కరెంటు పోతే ఏమవుతుందన్న మీ భయానికి వస్తాను. అప్‌డేట్‌లో రెండు దశలున్నాయి: దించుకోవడం, ఇన్‌స్టాల్ చేయడం. కరెంటు పోతే ముందుగా ఆగేది మీ రౌటర్. దానివల్ల డౌన్‌లోడ్ ఆగుతుంది, అంతవరకే. పరికరం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, కరెంటు వచ్చాక డౌన్‌లోడ్‌ను మళ్ళీ నడిపించుకోవచ్చు. ఇన్‌స్టాల్ దశలో బ్యాటరీ అయిపోతేనో, తెర కదలడం లేదని మీరు పవర్ బటన్ పట్టుకుని బలవంతంగా ఆపేస్తేనో చిక్కు. రెండోదే ఎక్కువగా జరుగుతుంది. పాత పరికరాల్లో బ్యాటరీ శాతాన్ని కూడా పూర్తిగా నమ్మకూడదు: అరిగిన బ్యాటరీ సగం చూపిస్తూనే, ప్రాసెసర్ మీద భారం పడగానే ఒక్కసారిగా పడిపోయి పరికరాన్ని ఆపేస్తుంది. సోనీ పీఎస్‌పీ రోజుల్లో బ్యాటరీ తగినంత నిండి, అడాప్టర్ కూడా తగిలించి ఉంటేనే అప్‌డేట్ మొదలయ్యేది. ఆ నియమాన్ని మీరు మూడు పరికరాలకూ పాటించండి. బ్యాటరీ బాగా నిండాక, ఛార్జర్ తగిలించి ఉంచి, తెర తనంతట తాను మారేదాకా ఏ బటన్‌నూ నొక్కకండి.

అయినా మధ్యలో ఆగిందనుకుందాం. డెక్ దీన్ని చక్కగా తట్టుకుంటుంది. దాని లోపల సిస్టమ్‌కు ఒకటి కాదు, రెండు విభజనలు ఉన్నాయి, ఒక్కొక్కటి 5 జీబీ, రెండూ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో లినక్స్ ఫైల్ సిస్టమ్ మీద, మామూలుగా చదవడానికి మాత్రమే తెరుచుకుని ఉంటాయి. మీరు మొదటిదాని మీద పనిచేస్తుండగా అప్‌డేట్ రెండోదాని మీద రాస్తుంది, పూర్తయ్యాకే తర్వాతిసారి అక్కడి నుంచి వెలుగుతుంది. సగంలో ఆగితే పాతది అలాగే ఉంటుంది. అప్‌డేట్ పూర్తయ్యాక కొత్త వెర్షన్ ఇబ్బంది పెట్టినా, డెక్‌ను పూర్తిగా ఆపి, మూడు చుక్కల బటన్‌ను పట్టుకుని పవర్ నొక్కితే వెనుకటి వెర్షన్‌ను ఎంచుకునే మెనూ వస్తుంది. మీ ఆటలు, సేవ్‌లు ఉండేది వేరే విభజన, అది ఈఎక్స్‌టీ4. సిస్టమ్ అప్‌డేట్ దాని జోలికి వెళ్ళదు. అయితే చదవడానికి మాత్రమే ఉన్న ఆ భాగాన్ని తెరిచి మీరు సొంతంగా ఏదైనా ప్యాకేజీ వేసుకుని ఉంటే, తర్వాతి అప్‌డేట్‌లో అది కనిపించకుండా పోతుంది. అదనపు ప్రోగ్రాములను ఫ్లాట్‌ప్యాక్ (సిస్టమ్‌కు విడిగా ఉండే ప్యాకేజీ) రూపంలో వేసుకుంటే అవి నిలుస్తాయి. బయాస్ (పరికరం వెలిగేటప్పుడు మొదట నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌కు మాత్రం ఈ రెండు విభజనల రక్షణ వర్తించదు, అది వేరే చిప్‌లోకి వెళుతుంది. దాని విషయంలో ఛార్జర్ నియమాన్ని ఎంత కచ్చితంగా పాటించినా ఎక్కువ కాదు.

స్విచ్ అప్‌డేట్ తర్వాత వెలగకపోతే, పూర్తిగా ఆపిన స్థితిలో వాల్యూమ్ బటన్లు రెండూ పట్టుకుని పవర్ నొక్కండి, మెయింటెనెన్స్ మోడ్ వస్తుంది. అందులో ముందుగా సిస్టమ్ అప్‌డేట్‌ను ప్రయత్నించండి. అది కుదరకపోతే సేవ్‌లను చెరపకుండా కన్సోల్‌ను మొదటి స్థితికి తెచ్చే ఎంపికకు వెళ్ళండి. అన్నీ చెరిపే ఎంపిక కూడా అదే తెరమీద ఉంటుంది, తొందరలో దాన్ని నొక్కకండి. స్విచ్‌లో పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్ళే దారి లేదు. కొన్ని అప్‌డేట్లు ప్రాసెసర్‌లో ఉన్న ఫ్యూజులను శాశ్వతంగా కాల్చేస్తాయి. పాత వెర్షన్‌ను తెచ్చి పెట్టినా, కాలిన ఫ్యూజుల లెక్క సరిపోక అది వెలగదు. కాబట్టి పాత వెర్షన్‌కు మార్చి ఇస్తామని ఎవరైనా చెబితే మీ కన్సోల్‌ను వారి చేతికి ఇవ్వకండి.

అప్‌డేట్‌కు ముందు కార్డు తీసేయాలా అన్న ప్రశ్న మీరు అడగలేదు కానీ చాలామంది అడుగుతారు. స్విచ్‌లోనూ డెక్‌లోనూ తప్పనిసరి కాదు, సిస్టమ్ అప్‌డేట్ కార్డులోని ఆటలను చెరపదు. తీయాలనుకుంటే మాత్రం పరికరాన్ని పూర్తిగా ఆపి తీయండి. పవర్ బటన్‌ను ఒకసారి తేలికగా నొక్కితే పరికరం ఆగదు, నిద్రలోకి వెళుతుంది, ఆట జ్ఞాపకంలోనే ఉంటుంది, కార్డు ఇంకా వాడుకలోనే ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్32 కార్డులు ఎక్కువగా చెడేది ఇలాంటి చోటే. ఈ రెండింటికీ జర్నల్ లేదు. ఏ ఫైలు ఏ ముక్కల్లో ఉందో చెప్పే పట్టికను ఫ్యాట్32 రెండు నకళ్ళుగా ఉంచుకుంటుంది, ఎక్స్‌ఫ్యాట్‌లో సాధారణంగా ఒక్కటే ఉంటుంది. ఆ పట్టిక సగం రాసిన దశలో కార్డు ఊడితే, మీరు ముట్టుకోని ఫైళ్ళు కూడా కనిపించకుండా పోవచ్చు.

అలా చెడిన కార్డును విండోస్ సరిచేస్తానన్నప్పుడు వెంటనే ఒప్పుకోకండి. ఆ మరమ్మతు దిక్కులేని ముక్కలను పోగుచేసి ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో పేర్లు లేని ఫైళ్ళుగా పడేస్తుంది. వాటిలోంచి ఏది ఏ సేవ్ అని గుర్తుపట్టడం చాలా కష్టం. ముందుగా కార్డు మొత్తానికి ఒక ఇమేజ్ తీసి పెట్టుకుని, టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ వంటి ఉపకరణాలను ఆ ఇమేజ్ మీద నడపాలి. పొరపాటున ఫార్మాట్ చేసిన కార్డుకూ ఇదే పద్ధతి: ఆ క్షణం నుంచి దాని మీద ఒక్క ఫైలు కూడా రాయకూడదు. ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసినప్పుడు, పాత సమాచారమంతా తుడిచేయవచ్చన్న ఆదేశం కూడా కార్డుకు వెళ్ళే వీలుంది. అలా జరిగితే తిరిగి తీయడానికి ఏమీ మిగలదు.

డెక్‌లో తిరిగి పెట్టాక కూడా మీ కార్డు తెరుచుకోకపోతే, నేను మొదట అనుమానించేది నకిలీ కార్డును. 256 జీబీ అని ముద్రించి, లోపల 32 జీబీ మాత్రమే ఉన్న కార్డులు మార్కెట్లో తిరుగుతూనే ఉన్నాయి. అవి కొన్నాళ్ళు బాగానే పనిచేసి, అసలు సామర్థ్యం దాటిన రోజున పాత సమాచారం మీదే రాయడం మొదలుపెడతాయి. ఆ రోజు ఏ పెద్ద ఆట అప్‌డేట్ నడుస్తుంటే దానిమీద నింద పడుతుంది. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు కార్డు నిండా రాసి, తిరిగి చదివి నిజమైన సామర్థ్యం చెబుతాయి. 256 జీబీకి గంటలు పడుతుంది, అయినా కొత్త కార్డు కొన్న ప్రతిసారీ ఆటలు పెట్టకముందే ఈ పరీక్ష చేయండి. దుకాణంలో మార్చుకునే గడువు కూడా అప్పుడే ఉంటుంది.

మ్యాక్ వాడేవారికి ఒక చిన్న సూచన. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ కార్డుల మీద మ్యాక్ కాపీ చేసినప్పుడు ప్రతి ఫైలు పక్కన చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే మరో చిన్న ఫైలు చేరుతుంది. రెట్రో పరికరంలో ప్రతి ఆటా రెండుసార్లు కనిపించి, వాటిలో ఒకటి తెరుచుకోకపోతే కారణం అదే. ఆ చిన్న ఫైళ్ళను తీసేస్తే చాలు, కార్డును ఫార్మాట్ చేయనక్కర్లేదు.

మీరు ఇప్పుడు చేయవలసింది: కార్డును డెక్‌లో పెట్టి ఆటలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపిస్తే దాన్ని అక్కడే ఉంచేయండి. దానిలోంచి ఏవైనా ఫైళ్ళు ల్యాప్‌టాప్‌కు కావాలంటే డెక్ డెస్క్‌టాప్ మోడ్‌లోనే వాటిని ఒక పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసుకోండి. స్విచ్‌కు వేరే కార్డు తీసుకుని, స్విచ్‌లోనే ఫార్మాట్ చేయండి. రెట్రో పరికరానికి కొనే కార్డును దానికి కావలసిన ఫర్మ్‌వేర్ సూచనలు చూసి ఫార్మాట్ చేయండి. కార్డు డెక్‌లో కూడా కనిపించకపోతే దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టి, డెక్ తెరమీద వచ్చిన సందేశాన్నీ, కార్డు ఎక్కడ, ఎంతకు కొన్నారన్న వివరాన్నీ ఇక్కడ రాయండి. తర్వాత ఏం చేయాలో దాన్నిబట్టి చెబుతాను.